బొటనవేలి చోటు

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో ఇంకో ఆడదాని చెయ్యి కాపురం పెట్టింది. మనిషి రాలేదు. చెయ్యి ఒక్కటే వచ్చింది, తేనెమైనం ముద్దలో అచ్చుపడి, తడిగుడ్డ చుట్టుకుని, మా ఆయన చంకలో కూర్చుని మరీ వచ్చింది. మట్టి బొమ్మయినా సవతి సవతే అంటారు. నాకు దొరికింది మైనం బొమ్మ.

మాది బరంపురంలో గోసాని నువాగాం. జిల్లా ఇంకా మద్రాసు కిందే ఉంది. ఒడియా వాళ్ళకి వేరే రాష్ట్రం ఇస్తారట, మనం అటు పోతామట అని అరుగుల మీద మగవాళ్ళు వాదించుకుంటున్న రోజులవి. మా ఆయన కూర్మయ్య వడ్రంగి. మంచాలూ గుమ్మాలూ అందరూ చేస్తారు, ఆయనకి పేరొచ్చింది మాత్రం పిడుల వల్ల. కొడవలి పిడి, బాడిస పిడి, డాక్టరు గారి చేతికర్ర పిడి, ఏదైనా సరే కూర్మయ్య చేస్తే పట్టుకున్నవాడికి వదలబుద్ధి కాదనేవారు. ఆ పేరులో సగం నాది. ఈ మాట నేను అప్పుడూ దాచలేదు, ఇప్పుడూ దాచను.

ఎలాగంటే, పిడి ఒక రూపుకి రాగానే ఆయన కూర్చున్న చోటినుంచే కేకేసేవాడు.

"ఒలే తవిటీ, సెయ్యి తే!"

నేను పొయ్యి దగ్గరున్నా, చేతికి పిండి అంటుకుని ఉన్నా, తుడుచుకుని వెళ్ళి చెయ్యి చాపాలి. కళ్ళు మూసుకుని పట్టుకోమనేవాడు. ఎక్కడ నొక్కుతోంది అంటే ఇక్కడ అని చూపించాలి. అక్కడ బొగ్గుతో గీత పెట్టి, ఆకురాయితో రాసి, మళ్ళీ సెయ్యి తే. నా బొటనవేలి కణుపు మీద ఒక గుబ్బ ఉంది. పిల్లప్పుడు రోకటి పోటు తగిలి ఎముక వంకరగా అతుక్కుంది. పిడి ఏదైనా ఆ గుబ్బ దగ్గరే మొదట నొక్కేది. అక్కడ చిన్న గుంట తీసి, "ఇప్పుడో?" అనేవాడు. "ఇప్పుడు బాగుంది" అనేదాన్ని. బజారులో జనం ఆ గుంట చూసి అదేదో కూర్మయ్య ముద్ర అనుకునేవారు. వేలు పెట్టుకోవడానికి భలే చోటు పెట్టాడే అని మెచ్చుకునేవారు. అది ఎవరి వేలి చోటో మా ఇద్దరికే తెలుసు. పిల్లలు లేని ఇంట్లో మాకున్న సరసం అదొక్కటే అనుకోండి.

ఆ చైత్రంలో అస్కా అవతలినుంచి ఒక గుర్రబ్బండి వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయింది. పొలసర పోయే దారిలో ఎడమకి తిరిగితే వచ్చే చిన్న జమీ అది. జమీందారు పోయి ఏడాది తిరగలేదు. ఇప్పుడు జమీ ఆయన భార్య చేతిలో ఉంది. పేరు వాసవీకుమారి. టెక్కలి వైపు తెలుగింటి ఆడబడుచు. ముప్పయ్యేళ్ళు కూడా లేవనీ, పచ్చటి పసిమి అనీ మా వీధిలో అందరికీ ఎలా తెలిసిందో తెలిసింది. మొగుడి రివాల్వరు పిడి ఆవిడ చేతిలో ఇమడటం లేదు. తన చేతికి సరిపడేటట్టు చెక్కతో కొత్త పిడి కావాలి. ఇదీ పని.

నాలుగు రోజులు పోయాక వచ్చాడు. చంకలో మైనం, సంచిలో నల్ల ఇరుగుడు దుంగ ఒకటి, టేకుతో చెక్కిన బొమ్మ ఒకటి. రివాల్వరు కోట దాటి బయటికి రాకూడదు, అది సర్కారు చట్టం. అందుకని దాని నడుము కొలతకి ఆ టేకు బొమ్మ అక్కడే చెక్కుకుని తెచ్చుకున్నాడు. పిడి అంటే ఒకే ముక్క కాదు, ఇటో చెక్క అటో చెక్క, మధ్యలో ఇనుము, మూడింటినీ కలిపి ఒక మర. ఇవన్నీ ఆయన చెబుతూనే ఉన్నాడు. నా చూపు మైనం మీదే ఉంది.

"మడిసి ఎలాగుంటాది?" అన్నాను, అన్నం వడ్డిస్తూ.

"మడిసిని నాను సూడలేదు. తెరుంది. తెర ఇవతలికి సెయ్యి ఒక్కటే ఒచ్చింది. మైనం పెట్టినాను, నొక్కినాది."

"పోనీ సెయ్యి ఎలాగుంది?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "పాపం" అన్నాడు.

అందంగా ఉంది అన్నా నేను ఊరుకునేదాన్నే. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది అన్నా, జమీందారిణి చెయ్యి మెత్తగా ఉండక ఏమవుతుంది అనుకునేదాన్ని. మొగుడు ఇంకో ఆడదాన్ని తలుచుకుని పాపం అన్నాడంటే ఆ ఇంటికి చూరు వంగినట్టే.

"వైశాఖ పున్నమి లోపల ఇచ్చెయ్యాల" అన్నాడు. ఆ జమీలో పున్నమి నాడు వేట మొదలవుతుందట. జమీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు జనం ముందు మొదటి గుండు పేల్చాలి. తాతల నాటి ఆచారం. రాణీగారి మరిది దానికోసమే కాచుకుని కూర్చున్నాడు. పేల్చలేని చేతిలో జమీ ఉంటే ఎలాగని అప్పుడే పెద్ద రైతులందరి చెవిలోనూ వేశాడు. గుండు పేలిందా జమీ ఆవిడది, లేదా మరిదిది. పాపం ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది అనుకున్నాను గాని మంట చల్లారలేదు.

ఇక ఆ మైనానికి మా ఇంట్లో జరిగిన మర్యాదలు చెబుతాను వినండి. బరంపురం ఎండకి గోడలే కరిగేటట్టు ఉంటాయి, మైనం ఒక లెక్కా? అందుకని దానికి కుమ్మరివీధినుంచి కొత్త కుండ వచ్చింది. ఉత్తరం మూల చీకటిగదిలో ఇసక పరిచి కుండ పెట్టించాడు. కుండలో నీళ్ళు, నీళ్ళలో రాణీగారి చెయ్యి. పొద్దుటా సాయంత్రం నీళ్ళు మార్చాలి. ఎవరు మార్చాలి? ఇంకెవరు, నేనే.

ఎదురింటి జగ్గమ్మ గుమ్మంలోంచి చూసి మురిసిపోయేది. "ఏటప్పా తవిటమ్మా, సవితికి తానం సేయిస్తన్నావా? పసుపు కూడా రాయకపోయావా?"

"రాస్తాను. ఉండు, నీ ఇంట్లో పసుపు అరువియ్యి" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. కడుపులో మాత్రం కుమ్మరి ఆము మండుతూ ఉండేది.

ఒకరోజు నీళ్ళు మారుస్తూ ఆ ముద్దని చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు లోతుగా దిగి ఉన్నాయి. మిగిలిన రెండు వేళ్ళూ మాత్రం పైపైన తగిలీ తగలనట్టు ఉన్నాయి. అబ్బో, ఏం సుకుమారం అనుకున్నాను. మైనం ముద్దని కూడా గట్టిగా పట్టుకోలేని మనిషి, అందులోనూ రెండు వేళ్ళు ముట్టుకోం పొమ్మంటున్నాయి. ఇలాంటి వయ్యారం ముందు రోకటిపోటు తిన్న వేలు ఎవరికి కావాలి? అలా అనుకుంటూ ఆ కుండ ముందు ఎంతసేపు కూర్చున్నానో అత్త అప్పలనర్సమ్మ కేకేస్తే గాని తెలివి రాలేదు.

అసలు బాధ అది కూడా కాదు. ఆయన నన్ను పిలవలేదు.

ఇరుగుడు దుంగ చీల్చాడు, పిలవలేదు. చెక్కలు రెండూ రూపుకి వచ్చాయి, పిలవలేదు. ఆకురాయి చప్పుడు మారితే పిడి నా చేతికి వచ్చే వేళయిందని నాకు తెలుసు. పొయ్యి ముందు చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని కూర్చునేదాన్ని. పిలుపు వచ్చేది కాదు. చివరికి సిగ్గు విడిచి నేనే వెళ్ళాను.

"సెయ్యి ఇయ్యనా?"

గబుక్కున చెక్కల మీద గుడ్డ కప్పేశాడు. "ఒద్దు."

"ఏల ఒద్దు?"

"ఇది నీ సేతికి సరిపడేది కాదే."

"కొడవలి నా సేతికా? డాట్రు గారి కర్ర నా సేతికా? అయన్నీ ఎవులు పట్టి సూసినారు?"

"ఇది ఏరు. అడక్కు, ఎల్లు" అన్నాడు తల దించుకుని.

మా పెళ్ళయ్యాక ఆయన నన్ను అడక్కు అన్నది అదే మొదలు. ఆ పూట చారులో ఉప్పు వెయ్యలేదు. మారు మాట్లాడకుండా తాగేశాడు. పోట్లాడినా బాగుండేది. ఏ మనిషైనా ఉప్పులేని చారు ఎప్పుడు తాగుతాడు? మనసు ఇంట్లో లేనప్పుడు.

ఈలోగా ఠాకురాణీ యాత్ర వచ్చింది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి వస్తుంది ఆ సంబరం. అమ్మవారి ఘటం సాయంత్రం పూట వీధులన్నీ తిరుగుతుంది, ఇంటింటి ముందూ ఘటం మోసేవాళ్ళ కాళ్ళు ఆడవాళ్ళు పసుపునీళ్ళతో కడగాలి. ఆ నీళ్ళకి వాడిన కుండ పనికిరాదు, కొత్తది కావాలి. ఆ రోజు మా అత్త కుమ్మరివీధికి మనిషిని పంపితే కుండలన్నీ అయిపోయాయన్నారు. ఊరంతా అదే పని మీద ఉంది మరి. అత్త ఇల్లంతా వెతికింది. చీకటిగదిలో ఇసక మీద నిక్షేపంలాంటి కుండ ఉంది. అమ్మవారి పనికి అడ్డమేమిటి? నీళ్ళు పారబోసింది. అడుగున ఏదో మైనం ముద్ద ఉంటే తీసి, తడి ఆరుతుందని పెరటి గోడ మీద పెట్టింది, వడియాల పక్కన.

నేను అప్పుడు జగ్గమ్మతో కలిసి వీధిలో ముగ్గులు పెడుతున్నాను. నేను చూసి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. అమ్మవారు నన్ను ఆ పరీక్ష పెట్టలేదు.

ఘటం వెళ్ళిపోయాక ఆయన చీకటిగదిలోకి వెళ్ళి, ఒట్టి ఇసక చూసి, పెరట్లోకి పరిగెత్తాడు. మైనం గోడ మీదనుంచి కిందికి కారి గట్టిపడి ఉంది. వేళ్ళూ లేవు, అచ్చులూ లేవు. రెండు వడియాలు కూడా అందులో అంటుకుపోయాయి.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! నాకేటి తెలుసురా బాబూ? జిగురు ముద్దనుకున్నాను. అమ్మోరికి కుండ గావాలని తీసినాను."

ఆయన గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నాకు లోపల ఎంత చల్లగా ఉందో చెప్పలేను. పీడ విరగడయింది. ఇంక ఆ పిడి ఎలా పూర్తిచేస్తాడు? మళ్ళీ వెళ్ళి అచ్చు తెచ్చుకోవడానికి వ్యవధి లేదు, పున్నమి దగ్గరపడింది. ఇప్పుడైనా పిలుస్తాడు అనుకున్నాను. చేతులు కడుక్కునే ఉన్నాను.

మర్నాడు ఆయన పనిలో కూర్చుని, చెక్కలు ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. గాల్లో తన చెయ్యే ముందుకి చాపి ఏదో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచాడు. కళ్ళు తెరిచి ఆకురాయి తీసుకున్నాడు. రాశాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు అసలు దెబ్బ. మైనం కరిగితే ఏమయింది, ఆ చెయ్యి ఆయన తలకాయలో అచ్చుపడి ఉంది. ఒక్కసారి ముట్టుకున్న చెయ్యి అంత బాగా గుర్తుందా? నా చెయ్యి అలా గుర్తుందా? రోజూ చాపమనేవాడు కదా, గుర్తుంటే రోజూ ఎందుకు చాపమనడం? అలా మొదలుపెడితే ఇంక అన్నం సయించలేదు. అసూయపడ్డాను. ముసుగులో గుద్దులాట ఎందుకు, నిండా అసూయపడ్డాను.

చెయ్యి జారకుండా చెక్కలకి గళ్ళు గీశాడు, బరింక ఆకుతో రుద్ది నున్న చేశాడు, అవిసె నూనె పట్టించాడు. గుడ్డలో చుట్టేశాడు. నేను దాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు.

"నాను కూడా ఒస్తాను" అన్నాను, ఆయన బయల్దేరుతుంటే.

"నువ్వేల? ఎండ."

"ఎండ నాకొక్కదానికే కాస్తందా? ఆ సెయ్యి ఎలాగుంటాదో సూడాల. ఒస్తాను."

అస్కా దాకా సర్వీసు బస్సులో, అక్కడినుంచి ఎడ్లబండిలో వెళ్ళాం. దారి పొడుగునా చెరుకు నరికేసిన బీళ్ళు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. బండివాడు మమ్మల్ని చావింటికి వెళ్తున్నవాళ్ళనుకుని ఉంటాడు.

కోట అని పేరే గాని అది పెద్ద మండువా ఇల్లు, చుట్టూ మట్టిగోడ. లోపలి హాల్లో తెర కట్టి ఉంది. తెర ఇవతల దాసి రివాల్వరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాత పిడి విప్పి కొత్త చెక్కలు బిగించాడు. మర చివరిదాకా తిప్పేసరికి ఆయన నుదురంతా చెమట. దాసి దాన్ని లోపలికి తీసుకెళ్తుంటే నేను ఆవిడ వెనకే నడిచాను. నేను ఆడదాన్ని కదా, నాకు తెర ఏమిటి? వెనకనుంచి ఆయన "తవిటీ!" అన్నాడు. వినపడనట్టే వెళ్ళాను.

వాసవీకుమారి అందంగా ఉంది. నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది. మొహం మీద పూతల్లేవు, ఒంటి మీద నగల్లేవు, అయినా చూపు తిప్పుకోవడం కష్టంగా ఉంది. అయిపోయాను అనుకున్నాను. కుడిచెయ్యి కొంగు కింద ఉంది.

"ఎవరు నువ్వు?"

"ఆయన పెళ్ళాన్నమ్మా. తవిటమ్మని."

ఆవిడ దాసిని బయటికి పంపించింది. నన్ను కాసేపు చూసి, ఇంక దాచి లాభం లేదనుకుందో ఏమో, కొంగు తీసింది. ఆ చేతికి ఉంగరం వేలూ చిటికెన వేలూ కర్రపుల్లల్లా చాపుకుని ఉన్నాయి. రివాల్వరు తీసుకుంది. మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, ఆ రెండూ కదల్లేదు.

"బండి బోల్తా పడినప్పుడు నరం తెగింది. ఆయన పోయింది కూడా ఆ బండిలోనే. ఇది నాకూ, ఈ దాసికీ, మీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. మా మరిదికి తెలిస్తే పున్నమిదాకా కూడా ఆగడు. మీ ఆయన నీకు చెప్పాడా?"

"లేదమ్మా" అన్నాను. పాపం అన్న మాట అప్పుడు నాకు అర్థమయింది. మైనంలో పైపైన తగిలిన రెండు వేళ్ళూ అప్పుడు అర్థమయ్యాయి. నా చేతికి ఆ పిడి ఎందుకు కాదో కూడా.

ఆవిడ గోడ మీద ఒక మేకుకి గురిపెట్టింది. గుళ్ళు లేవు, ఉత్తినే. గొట్టం నిలబడింది, నిలబడింది, మెల్లగా పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అంతే. పిడి అడుగున ఆ రెండు వేళ్ళూ ఆనుకోవడానికి ఆయన మెట్టులా చెక్కాడు, అది సరిగ్గానే ఉంది. అరచెయ్యి నిండా పట్టు ఉంది. కాని బరువంతా బొటనవేలి మీద పడేసరికి, ఆ వేలు ఎక్కడికో జారిపోతోంది.

"అంతా బాగానే ఉంది. ఇదొక్కటి ఏమిటి?" అంది ఆవిడ, వేలితో తడిమి. "ఇక్కడ గుంట ఎందుకు పెట్టాడు? నా వేలు అందులోకి జారి గొట్టం తిరిగిపోతోంది."

నేను వంగి చూశాను. నల్లటి ఇరుగుడు మీద, గళ్ళకి కొంచెం పైన, చిన్న గుంట. నేను నా బొటనవేలు చాపి చూపించాను. ఆవిడ నా గుబ్బని చూసింది, పిడిని చూసింది. రివాల్వరు నా చేతిలో పెట్టింది. బొటనవేలు దాని చోటికి అది వెళ్ళి కూర్చుంది.

"నువ్వు పట్టుకుని చూపించావా ఆయనకి?"

"లేదమ్మా. ఈసారి నన్ను పిలవనే లేదు."

"పిలవకుండానే వచ్చావన్నమాట" అంది ఆవిడ.

తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను ఆ ఎండాకాలమంతా కుండలో మైనాన్ని చూసిన చూపు అదే. ఇంత ఇల్లూ ఇంత జమీ ఉన్న మనిషి, కారా కిళ్ళీ నమిలే వడ్రంగి పెళ్ళాన్ని అలా చూస్తుందని ఎవరనుకుంటారు? నా లోపల యాత్ర డప్పులన్నీ ఒక్కసారి మోగాయి. సిగ్గులేకుండా మోగాయి.

కాని పున్నమి ఎల్లుండే.

ఆవిడ చూపు తిప్పుకుని, మామూలు గొంతుతో అంది. "గుంట లేకుండా ఇంకోటి చెయ్యమను. ఇది నాకొద్దు. నువ్వే తీసుకుపో."

బయటికి వచ్చి ఆయన్ని వెనక వసారాలోకి లాక్కెళ్ళాను.

"నాకేల సెప్పలేదు?"

"మాటిచ్చినాను. నీకు సెప్తే గోసాని నువాగాం అంతా దండోరా ఏసినట్టే. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే."

అది నిజమే కనక దాని జోలికి పోలేదు. దాసి చేత విప్పించి తెచ్చిన చెక్కలు ఆయన చేతిలో పెట్టాను. "ఈ గుంట ఏల పెట్టినావు?"

ఆయన చూసుకున్నాడు. తన బొటనవేలితో తడిమాడు. మొహంలో రంగు పోయింది.

"నాను పెట్టలేదే" అన్నాడు.

"మరే దెయ్యం పెట్టినాది?"

"నిజంగానే, తవిటీ. కళ్ళు మూసుకుని ఆయమ్మ సెయ్యే తలుసుకున్నాను. ఇది ఎప్పుడు ఒచ్చినాదో నాకు తెల్దు."

అబద్ధమాడటం ఆ మనిషికి చేతకాదు. ఆ వసారాలో అలా గుడ్లప్పగించి నిలబడ్డ మొగుణ్ణి చూస్తే నాకు తిట్టాలనిపించింది, నవ్వాలనిపించింది. రెండూ చెయ్యలేదు. సంచిలో మిగిలిన ఇరుగుడు ముక్క తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన రంపం పట్టాడు. చెక్కలు రూపుకి వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పుడు తలెత్తాడు.

"ఒలే తవిటీ, సెయ్యి తే."

"ఉండు" అన్నాను. కొంగు అంచు చింపి, ఆ పీలికతో ఉంగరం వేలూ చిటికెన వేలూ పుల్ల కట్టి చాపి బిగించుకున్నాను. పళ్ళతో ముడి లాగాను. అప్పుడు చాపాను చెయ్యి. ఆయన ఆ కట్టు వంక చూశాడు. చెక్కలు బిగించిన టేకు బొమ్మ నా చేతిలో పెట్టాడు.

రెండు వేళ్ళు లేకుండా పట్టుకోవడం ఎంత బాధో అప్పుడు తెలిసింది నాకు. బరువు ముంజేతిలోకి గుంజుతుంది. ఎక్కడ ఆనాలో, ఎక్కడ నొక్కాలో చెబుతూ పోయాను. ఆయన రాస్తూ పోయాడు. అన్నీ కుదురుతున్నాయి, ఆకురాయి మాత్రం తిరిగి తిరిగి గళ్ళ పైన ఉన్న ఆ చోటికే పోతోంది.

"అటు పోకు."

"పోలేదే."

"పోతన్నావు. సూడు, మళ్ళీ పోతన్నావు!" చేతి మీద ఒక్కటి వేశాను.

"నా సెయ్యి నా మాట ఇనడం లేదే" అన్నాడు దీనంగా.

మర్నాడంతా అదే పని. గుబ్బ నొక్కుకుని ఎర్రబడింది, వాచింది. ఎక్కడ నొక్కుతోంది అని ఆయన అడిగినప్పుడల్లా ఆ ఒక్క చోటూ చెప్పలేదు. ఆకురాయి అటు వెళ్ళినప్పుడల్లా కొడుతూ, కసురుతూ, నా చోటుని నేనే కాపలా కాసి గుంట పడకుండా నున్నగా చేయించాను. ఇంత పని ఇంకెవరికోసమూ చెయ్యను. ఆవిడ కోసం కూడా మనస్ఫూర్తిగా చేశానని చెప్పను. ఆ రెండు వేళ్ళు చూశాక చెయ్యకుండా ఉండలేకపోయాను, అంతే.

ఆ సాయంత్రం తెర వెనక గొట్టం మేకు వైపు తిరిగి అక్కడే నిలబడింది. నేను దించమన్నా ఆవిడ దించలేదు.

పున్నమినాడు పొద్దున్నే కోట ముందు డోళ్ళు మోగాయి. పెద్ద రైతులంతా వచ్చారు. మరిది జరీ తలపాగాతో, తన తుపాకీ తనే పట్టుకుని, ముందు వరసలో నిలబడ్డాడు. వాసవీకుమారి ముసుగుతో మెట్ల మీదికి వచ్చింది. కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసి పైకెత్తింది. ఆ రెండు వేళ్ళూ మెట్టుకి ఆనుకుని ఉన్నాయి, దూరంనుంచి ఎవరికీ ఏమీ తెలియదు. గుండు పేలింది. మామిడి తోటలోంచి కాకులన్నీ లేచాయి. గొట్టం పక్కకి తిరగలేదు. మరిది తుపాకీ భుజం మార్చుకుని డోళ్ళవాళ్ళని కసిరాడు.

జనం జేజేలు కొడుతుంటే నేను పక్కకి చూశాను. మా ఆయన గుండు పేలినప్పుడు ముడిచిన తన చెయ్యి ఇంకా విప్పలేదు. మూడు వేళ్ళే ముడిచాడు. రెండు చాపే ఉన్నాయి. తిరుగుదారిలో బండి దిగేదాకా ఆ చేతిని నా చేతిలో పట్టుకునే ఉన్నాను. ప్రేమ అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఆ మొదటి చెక్కలు నేను ఇంటికి తెచ్చుకున్నాను. పనసకాయ కొట్టే కత్తికి బిగించి ఇమ్మన్నాను. రాణీగారి ఇరుగుడు పనసకాయకా అని ఆయన నవ్వాడు గాని బిగించాడు. ఆ తర్వాత జిల్లా ఒరిస్సాలో కలిసిపోయింది, అత్త పోయింది, కొన్నేళ్ళకి ఆయనా పోయాడు. కత్తి అరిగి సగమయింది. పిడికి ఏమీ కాలేదు.

మొన్న మా మరిది కోడలు చిట్టమ్మ వంటింట్లో పనసకాయ ముందేసుకుని సణుగుతోంది.

"ఏటి పెద్దత్తా ఈ కత్తి? ఎలాగ పట్టుకున్నా బొటనేలు జారిపోతంది."

"జారిపోద్ది" అన్నాను. "ఆ సోటు నీది కాదు. అదక్కడెట్టు. గూట్లో ఇంకో కత్తుంది, ఎల్లి తెచ్చుకో."